పసిమనసులో కాలం

1928లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఐన్‌స్టీన్, పిల్లల ఆలోచనను పరిశోధిస్తున్న జీన్ పియాజేను ఒక ప్రశ్న అడిగారు: పసివాళ్లకు ముందు తెలిసేది కాలమా, వేగమా?

పియాజే ఆ ప్రశ్నను వదల్లేదు. పిల్లల ముందు రెండు బొమ్మలను ఒకేసారి కదిపి, ఒకేసారి ఆపారు. ఒకటి వేగంగా వెళ్లి ఎక్కువ దూరంలో నిలిచింది. దూరం వెళ్లినదే ఎక్కువసేపు నడిచిందన్నారు చిన్నపిల్లలు. కాలమనే భావన పుట్టుకతో రాదని, దూరాన్నీ వేగాన్నీ పోల్చుకుంటూ మెల్లగా ఏర్పరచుకుంటామని పియాజే తేల్చారు. 1946లో ఆ పరిశోధన పుస్తకమైంది. ముందుమాటలో పియాజే, ఐన్‌స్టీన్ అడిగిన ప్రశ్నను తలచుకున్నారు.

అంతటి శాస్త్రవేత్తకే పసివాళ్ల ఆలోచన తెలుసుకోవాలనిపించింది. మన పిల్లలు తప్పు జవాబు చెబితే, దిద్దే ముందు ‘ఎందుకలా అనుకున్నావు నాన్నా?’ అని అడుగుదాం. వాళ్ల బుద్ధి ఎలా ఎదుగుతోందో ఆ జవాబే చెబుతుంది.