మాల తీసిన మర్నాడు

చౌల్దారీ,
మాఘ మాసం.

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన అరవణ పాయసం డబ్బా, అభిషేకం నెయ్యి అందాయి. మీ పెద్దమ్మ కళ్లకద్దుకుని, పక్కింటి బెంగాలీ వాళ్లకీ, వెనకింటి మలబారు వాళ్లకీ తలో చెంచా పంచి, మిగిలింది మాకు పెట్టింది. ఫోటోలు మీ అమ్మ తన ఫోన్లో చూపించింది. పంబ ఒడ్డున మీరు ఆరుగురు వరసగా నిలబడి తీయించుకున్నది చాలాసేపు చూశాను. అందులో ఒక మొహం నాకు తెలిసిన మొహమే. అప్పట్నుంచీ మనసు కుదుట పడలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

నీ దీక్షను నేను తక్కువ చెయ్యను. 41 రోజులు చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేల పడక, నల్లబట్టలు. చెప్పుల్లేని కాళ్లతోనే చౌల్దారీ బజారులో బస్సెక్కి ఆఫీసుకు వెళ్లావు. సిగరెట్టు ముట్టలేదు. మీ నాన్న మీద ఒక్కసారైనా గొంతు పెంచలేదని మీ అమ్మ నాతో చెబుతూ కళ్లు తుడుచుకుంది. పెన్షను కాగితం పని మీద నేను వచ్చినప్పుడు నీ బల్ల పక్కనే కూర్చున్నాను కదా. మంచినీళ్లు తెచ్చిన రాంచీ కుర్రాణ్ణి నువ్వు "స్వామీ" అని పిలిచావు. వాడి మొహం ఎంత వెలిగిందో నువ్వు చూశావో లేదో గానీ నేను చూశాను. సంక్రాంతి వెళ్లాక అదే పని మీద మళ్లీ వచ్చాను. అదే కుర్రాడు, అదే గ్లాసు. "ఏయ్, ఎక్కడ చచ్చావు?" అన్నావు. నాకు ఆ నీళ్లు గొంతు దిగలేదు.

దీక్ష నారుమడి, నాయనా. పంట పండాల్సింది మిగతా 324 రోజుల్లో. మన పెద్దవాళ్లు ఈ సంగతి ఎవరి దగ్గరా చదువుకోలేదు, అలా బతికారంతే.

మీ తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చి చాథం రంపపు మిల్లులో కూలీగా చేరాడు. 1883లో పెట్టిన మిల్లు అది. పడౌక్ దుంగలు మొయ్యగా మొయ్యగా ఆయన కుడి భుజం చచ్చేదాకా కిందికి వాలే ఉండేది. మీ నాయనమ్మ పెరట్లో కాసిన కాయగూరలు గంపలో పెట్టుకుని బజారుకు తీసుకెళ్లేది. ఆవిడకు చదువు లేదు. గోడ మీద ఒక రాములవారి పటం, దాని ముందు ఒక దీపం, అదే గుడి. పురాణం చెప్పేవాళ్లు ఈ ఊరికి వచ్చేవాళ్లూ కాదు. అయినా వానాకాలంలో తోటకూర తూచే ముందు కట్టలన్నీ గట్టిగా దులిపేది. నీళ్ల బరువుకు జనం డబ్బు ఇవ్వకూడదని. తూకం అయ్యాక కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపేది కాదు. కొన్నది తెలుగువాళ్లా, తమిళులా, మలబారు తురకలా అని చూసేది కాదు. నాకు తెలిసిన భక్తుల్లో ఆవిడ మొదటిది. ఇది కన్నకొడుకు మమకారంతో అంటున్న మాట కాదు, బాగా ఆలోచించి రాస్తున్నాను.

నీకు నువ్వు చెప్పుకునే సమాధానం ఏమిటో ఊహించగలను. "ఆఫీసు వేరు, దేవుడు వేరు పెదనాన్నా. ఇది సర్కారు కొలువు, ఇందులోకి భక్తి తేకూడదు." సగం నిజమే. ప్రభుత్వ బల్ల మీద పటం పెట్టి అగరొత్తులు వెలిగించమని నేను చెప్పను. ఈ దీవుల్లో బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, హిందీ, నికోబారీ మాట్లాడే వాళ్లందరూ ఆ బల్ల ముందుకే వస్తారు. దాని మీద ఒక్కరి దేవుణ్ణి కూర్చోబెట్టడం తప్పు. దీక్షలో ఉన్నప్పుడు పడిపూజకు వేళయిందని పైపులైను పని సగంలో వదిలి నువ్వు వెళ్లిపోయావని విన్నాను. అదీ తప్పే. ఆ సాయంత్రం నీళ్లు రాని ఇళ్లలో ఆడవాళ్లు బిందెలు మోశారు. కానీ భక్తిని ఆఫీసు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి పోవడం అంతకంటే పెద్ద తప్పు. కొలిచేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, నీ కింద పనిచేసే మనిషితో మాట్లాడేటప్పుడు దేవుడు నీ పక్కన లేకపోతే ఇరుముడి మోసి పదునెట్టాంబడి ఎక్కి ఏం లాభం?

రామదాసు కథ నీకు తెలుసు. చిన్నప్పుడు శ్రీరామనవమికి మీ తాత ఒళ్లో కూర్చుని పానకం తాగుతూ విన్నదే. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. నీలాగే సర్కారు ఉద్యోగి. వసూలైన శిస్తు తానీషా ఖజానాకు పంపకుండా భద్రాచలంలో గుడి కట్టాడు. గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడంటారు. అందరూ తానీషాను తిట్టి, గోపన్నకు కన్నీళ్లు కారుస్తారు. నేనూ కార్చాను. కానీ ఓవర్సీరుగా లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఆ కథ నాకు వేరేగా కనిపించింది. చివర్లో రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషా ముందు పోసి రసీదు తీసుకున్నారని కదా చెప్పుకుంటాం. తన భక్తుణ్ణి విడిపించడానికి రాముడికి వేరే దారి లేదా? కోట గోడలు కూల్చగలడు. తానీషా మనసు మార్చగలడు. అవేవీ చెయ్యలేదు. ఖజానా సొమ్ము ఖజానాకు అణాపైసలతో కట్టి రసీదు పట్టుకెళ్లాడు. తన గుడికే ఖర్చయినా అది జనం సొమ్ము, లెక్క లెక్కే అని ఆ కథ కట్టినవాళ్లు మనకు చెప్పారు. మనం పాటలు మాత్రం గుర్తుపెట్టుకుని రసీదు మర్చిపోయాం.

మన దీవుల్లోనే ఒక మనిషి ఉండేవాడు. డాక్టర్ దివాన్ సింగ్. ఆయన పేరు మీద పోర్ట్ బ్లెయిర్‌లో గురుద్వారా ఉంది. ఇప్పుడు ఆ ఊరిని శ్రీ విజయ పురం అంటున్నారు గానీ నా నోటికి పాతపేరే వస్తుంది. ఆయన సర్కారు వైద్యుడు, పంజాబీలో కవి. రోగులకు మందులివ్వడం ఉద్యోగం, సిక్కు ధర్మం విశ్వాసం. రెండూ ఒకే మనిషిలో గొడవ లేకుండా ఉండేవి. 1942 మార్చిలో జపాను సైన్యం దిగింది. తమ సైనికుల కోసం తెచ్చిన కొరియా ఆడపిల్లలను ఉంచడానికి గురుద్వారా ఇమ్మన్నారు. ఇవ్వనన్నాడు. సెల్యులార్ జైల్లో 82 రోజులు చిత్రహింసలు పెట్టారు. 1943 డిసెంబరు ఆఖర్లో సుభాష్ బోసు ఇక్కడికి వచ్చి జెండా ఎగరేసిన రోజుల్లో కూడా ఆయన ఆ గోడల మధ్యే ఉన్నాడు. 1944 జనవరి 14న ప్రాణం పోయింది. మకరజ్యోతి కోసం నువ్వు కొండ మీద ఎదురుచూసింది కూడా జనవరి 14నే. ఆయన చెల్లించిన ఖరీదు మనల్ని ఎవరూ అడగరు. మనల్ని అడిగేది చిన్న చిన్న ఖరీదులే. అవి కూడా ఇవ్వలేకపోతున్నాం.

నేను ఇచ్చిన ఖరీదు ఒకటుంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నాయనమ్మ పోయినప్పుడు పెద్దకొడుకునై ఉండి నేను తలకొరివి ఎందుకు పెట్టలేదని చిన్నప్పుడు నువ్వు అడిగావు. "ఓడ దొరకలేదు" అని మీ నాన్న చెప్పాడు. అది నిజమే. కానీ ఓడ అవసరమయ్యేంత దూరంలో నేనెందుకు ఉన్నానో వాడు చెప్పలేదు. నేనే చెప్పొద్దన్నాను.

అప్పుడు ఒక రోడ్డు పని నా చేతిలో ఉండేది. బిల్లులో తొమ్మిదంగుళాల సోలింగు. నేను మూడు చోట్ల తవ్వించి చూస్తే ఎక్కడా ఆరు దాటలేదు. కొలతల పుస్తకం ఎం.బి.లో ఆరే రాశాను. తొమ్మిది రాయమని మర్యాదగా అడిగారు, రాయనన్నాను. ఇంటికి మిఠాయి పొట్లం వచ్చింది, తిప్పి పంపాను. తర్వాత కొన్ని వారాలకే కాంప్‌బెల్ బేకు బదిలీ కాగితం వచ్చింది. అప్పటికే అమ్మకు ఆయాసం. "వెళ్లరా, నువ్వు తప్పు చెయ్యలేదు కదా" అంది. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. 1969 నుంచి సర్కారు అక్కడ మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉండేవాళ్లు, శనివారాలు కలిసి భజన చేసుకునేవాళ్లం. అక్కడ ఉండగానే వానాకాలం మధ్యలో వైర్‌లెస్‌లో కబురొచ్చింది. సముద్రం పోటు మీద ఉంది. ఓడ రాలేదు. జెట్టీ మీద నిలబడి ఉత్తరం వైపు చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు. నేను చౌల్దారీ చేరేసరికి పన్నెండో రోజు కూడా దాటిపోయింది. చిన్నవాడు, మీ నాన్న, గుండు చేయించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తొమ్మిది అని రాసి సంతకం పెట్టి ఉంటే అమ్మ దగ్గర ఉండేవాణ్ణి. ఈ లెక్క నేను ఎన్నో రాత్రులు వేసుకున్నాను. ఆ నొప్పి తగ్గలేదు, తగ్గుతుందని నీకు అబద్ధం చెప్పను. అయినా ఆరు అంగుళాలే రాసేవాణ్ణి. తొమ్మిది అని రాసిన చేత్తో అమ్మ చితికి నిప్పు పెట్టడం నాకు చేతనయ్యేది కాదు.

ఆ దక్షిణ ద్వీపాల్లోనే కార్ నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గురించి విన్నాను. బడిలో పంతులు, చర్చిలో బిషప్, 1952 నాటి మొదటి లోక్‌సభలో ఈ దీవుల సభ్యుడు. బైబిలును తన జాతి వాళ్ల నికోబారీ భాషలోకి తెచ్చాడు. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాడు. ఆటస్థలం, పార్లమెంటు, ప్రార్థన ఆయనకు వేరువేరు లోకాలు కావని అక్కడి ముసలివాళ్లు చెప్పేవాళ్లు. మతం ఏదైతేనేం, మనిషి అలా అతుకుల్లేకుండా ఉండాలి.

ఇప్పుడు చూస్తే భక్తికి కొరత లేదు. తెల్లారకముందే మైకులు. ఫోను తెరిస్తే దేవుళ్ల బొమ్మలు. గుడిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు. గుడి ఆర్చీకి లక్షలు పోగవుతాయి. ఆ ఆర్చీ కింద కాలువ సిమెంటు మొదటి వానకే లేచిపోతుంది. ఆ కాలువ కట్టిన కాంట్రాక్టరు పేరే ఆర్చీ మీద మొదటి వరసలో ఉంటుంది. ఈ బాధ నాకు రోజూ ఉంటుంది, అందుకే రాశాను.

మీ నాన్న సంగతి కూడా నీకు గుర్తుండాలి. 2004 డిసెంబరు 26 తర్వాత ఇక్కడ నేల కుంగిపోయి మన వరిచేల్లోకి ఉప్పునీరు వచ్చేసింది. ఈరోజుకీ పోటు వస్తే ఆ మళ్లు కనిపించవు. నష్టపరిహారానికి కొలతలు తీసుకునేటప్పుడు గట్టు అవతలి చెక్క కూడా మనదేనని రాయించమని చాలామంది చెప్పారు. "అది మాది కాదండీ" అని మీ నాన్న సర్వేయరుకు చెప్పి చెరిపించాడు. ఆ ఏడు మీ ఇంట్లో బియ్యానికి కటకట. నీకు ఊహ తెలిసిన వయసే, మర్చిపోయి ఉండవు.

ఇక అసలు సంగతి. పంబ ఒడ్డు ఫోటోలో నేను గుర్తుపట్టిన మనిషి మీ ఆఫీసులో కాలువ పని చేస్తున్న కాంట్రాక్టరు. చెన్నై దాకా విమానం టికెట్లు, అక్కడి నుంచి బండి, బస, అన్నీ అతనే చూసుకున్నాడని నీతో వచ్చినవాళ్లలో ఒకరు గొప్పగా చెప్పారు. "స్వాములం కదా, ఒకరికొకరం" అన్నావట. నువ్వు అతని బిల్లు రాసే జూనియర్ ఇంజనీరువి, జేఈవి. సెంట్రల్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1964, పదమూడో రూలు తీసి చదువు. ఉచిత ప్రయాణం, భోజనం, బస కూడా బహుమతి కిందికే వస్తాయని అందులో స్పష్టంగా రాసి ఉంది. పని సంబంధం ఉన్నవాడు స్నేహితుడైనా మినహాయింపు లేదు. శబరిమల యాత్రకు వేరే రూలు లేదు.

చెయ్యాల్సింది చెబుతాను. రేపే టికెట్టు, బండి, బస, నీ వంతు ఎంతో రాసుకో. అతను "ఎందుకు స్వామీ" అంటే వినకు. చేతికి నోట్లు ఇవ్వకు, బ్యాంకు ద్వారా పంపు, ఎందుకు పంపావో అందులో రాయి, ఆ కాగితం దాచు. నీ పై అధికారికి జరిగింది రాసిచ్చి, ఆ కాలువ కొలతలు వేరే జేఈ చేత తీయించమని అడుగు. ఆయన కాదంటే నువ్వే దిగి టేపు పట్టు, వర్క్ అసిస్టెంటు చెప్పిన అంకెలు రాయకు. లోతు తవ్వించి చూడు. సైటు దగ్గరే ఎం.బి. రాయి, ఇంటికి తెచ్చుకుని రాత్రి రాయకు. తప్పు పడితే చెరపకు, కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెట్టు. చెక్ మెజర్‌మెంటు ఏఈ చేస్తాడులే అనుకోకు, మొదటి సంతకం నీది. బదిలీ చేస్తారేమోనని భయం వేస్తుంది, వెయ్యనీ. మీ అమ్మానాన్నల్ని నేను చూసుకుంటాను. ఆ నీళ్ల కుర్రాణ్ణి మాత్రం సోమవారం పొద్దున్నే పేరు పెట్టి, మర్యాదగా పిలువు.

డబ్బు చాలకపోతే నన్ను అడుగు. నా పెన్షను ఖాతాలో ఉంది. వచ్చే కార్తీకంలో మాల వేసుకునే ముందు ఆ బాకీ తీరిపోవాలి. తీరకపోతే వేసుకోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న.