బెల్టు గుర్తుంది, భయం గుర్తులేదు



"మా నాన్న బెల్టుతో బాదబట్టే ఇంతవాళ్లమయ్యాం." ఈ మాట మన ఇళ్లలో ఎంత గర్వంగా వినిపిస్తుందో! ఆ బెల్టు రంగు కూడా గుర్తుంటుంది. దాన్ని చూసి మంచం కింద దూరిన పిల్లవాడి వణుకు మాత్రం గుర్తుండదు. ప్రమాదమంతా అక్కడే ఉంది: ఆ వణుకు మరిచిన చెయ్యే రేపు తన పిల్లల మీద లేవొచ్చు.

అమెరికాలోని మిషిగన్‌లో పనిచేసిన సెల్మా ఫ్రైబర్గ్ అనే మానసిక విశ్లేషకురాలు 1975లో, తన సహచరులతో కలిసి ఒక తల్లి గురించి రాశారు. పసిపాప గుక్కపట్టి ఏడుస్తున్నా ఆ తల్లిలో చలనం లేదు. చిన్నప్పుడు ఆమె ఏడుపునూ ఎవరూ పట్టించుకోలేదు మరి. ఫ్రైబర్గ్ బృందం ఆమెను తప్పుపట్టలేదు; ముందు ఆమె గోడు విన్నారు. తన పాత దుఃఖం చెప్పుకుని కరువుతీరా ఏడ్చాక, ఆమె పాపను గుండెలకు హత్తుకోవడం మొదలుపెట్టింది.

దెబ్బలు తిన్నవాళ్లంతా కొట్టేవాళ్లు కారు. నాటి భయాన్ని దాచుకోకుండా, నమ్మినవాళ్ల దగ్గర చెప్పుకున్నవాళ్లు చాలామంది తమ పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నారు.

మీకూ అలాంటి బాల్యం ఉంటే, దయచేసి ఇవాళే ఎవరో ఒకరితో మాట్లాడండి. మీ వీధిలో ఏ బిడ్డ అయినా హింస పడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.