పాడుబడినదా, పాడుపెట్టినదా? దుమ్ముగూడెం నౌకామార్గ శిథిలాలు: ఒక నైతిక విచారణ

మూతపడిన కర్మాగారాలు, వాడుక తప్పిన రైలుదారులు, పడవలు తిరగని కాలువలు నేడు అనేక నగరాలలో దర్శనీయ స్థలాలైనాయి. వాటిలో ప్రవేశించి తిరిగేవారు సాధారణంగా ఒక నియమం చెప్పుకొంటారు: అక్కడినుండి ఏదీ తీసుకుపోరాదు, దేనినీ చెరపరాదు. ఇది వస్తువుల పట్ల కర్తవ్యం. ఆ వస్తువులను ఆ స్థితికి తెచ్చిన నిర్ణయం పట్ల ద్రష్టకు కర్తవ్యమేమైనా ఉన్నదా? భద్రాచలానికి ఎగువన గోదావరిపై ఉన్న దుమ్ముగూడెం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారం.

మధ్య భారతపు పత్తిని గోదావరి మీదుగా తూర్పుతీరానికి చేర్చాలన్నది సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి మొదలైన చోట్ల నదిని అడ్డగించే రాతిమెట్టలను పడవలు దాటడానికి ఆనకట్టలు, పక్కకాలువలు, లాకులు తలపెట్టారు. ఇంజనీరు హెయిగ్ ఆధ్వర్యంలో పనులు సాగాయి. మన్యపు జ్వరాలు పనివారిని పీడించాయి. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం భారతీయ పత్తికి తెచ్చిన గిరాకీ యుద్ధంతోపాటే తగ్గింది. 1867లో బొంబాయి రైలుమార్గం నాగపూరు చేరింది. 1871లో నౌకాయాన పథకాన్ని ఆపివేశారు. దీనిని బట్టి ఈ నిర్మాణాలను కాలం శిథిలం చేయడానికి ముందే ఒక లెక్క నిరర్థకం చేసిందని స్పష్టమవుతుంది.

అయినా వాడుకలో ఇటువంటి వాటిని ‘పాడుబడినవి’ అంటాము. ‘పాడుబడు’ అకర్మక క్రియ. నిర్మాణమే కర్తగా నిలుస్తుంది. విడిచినవారికి వాక్యంలో చోటుండదు. ‘పాడుపెట్టు’ సకర్మకం, ఎవరు పెట్టారన్న ఆకాంక్షను అది వెంటనే కలిగిస్తుంది. ధనిష్ఠా పంచకంలో మరణం సంభవిస్తే ఇల్లు పాడుపెట్టే ఆచారం తెలుగునాట ఉన్నది. అక్కడ విడిచేవారు తెలుసు, విడిచే గడువు తెలుసు, శాంతి జరిపి తిరిగి ప్రవేశించే విధి కూడా ఉన్నది. ఆచారంలోని నమ్మకాన్ని అంగీకరించకపోయినా, విడవడం బాధ్యతతో కూడిన చర్య అన్న భావనను అందులో గుర్తించవచ్చు. 1871 నాటి విరమణకు అటువంటి విధి లేదు.

శిథిలదర్శనం కలిగించే ఆర్ద్రతను రసానుభవంగా సమర్థించవచ్చునన్నది ఒక పూర్వపక్షం. భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం కావ్యంలో విభావాదులు వ్యక్తి, దేశ, కాల విశేషాలను వీడి సహృదయునికి ఆస్వాద్యమవుతాయి. కావ్యంలో ఇది గుణం. సీత దుఃఖం ఒక స్త్రీ దుఃఖంగా మాత్రమే మిగలదు. అయితే లాకుగోడ కావ్యం కాదు. దాని విశేషాలను తొలగిస్తే మిగిలేది ‘అన్నీ నశిస్తాయి’ అన్న సామాన్యవాక్యం. పత్తి వ్యాపారం, రైలుతో పోటీ, జ్వరపడిన కూలీ ఆ వాక్యంలో కనిపించరు. కవిత్వానికి అవసరమైన విస్మృతి ఇక్కడ నిర్ణేతలకు రక్షణ అవుతుంది. ఆర్ద్రత దోషం కాదు. ద్రష్టను అక్కడికి రప్పించేది అదే. అక్కడితో ఆగిపోవడమే దోషం.

మరొక అంశం. పాలకులు విడిచినది అందరూ విడిచినది కాదు. కోయ గూడేలకు, నదిని నమ్ముకొన్న జాలర్లకు దుమ్ముగూడెం నివాసప్రాంతమే. సీతారామ ఎత్తిపోతల పథకం నీటిని ఆ ఆనకట్ట ఎగువనుండే తీసుకొనేలా రూపొందింది. బయటినుండి వచ్చిన ద్రష్ట ‘నిర్జన శిథిలం’ అన్నప్పుడు అక్కడివారిని కూడా శిథిలంలో చేర్చినట్లవుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ సమీపంలోని పాల్వంచలో కనిపిస్తుంది. అక్కడి పాత థర్మల్ విద్యుత్ కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో పేల్చి కూల్చివేశారు. ‘కూల్చు’ సకర్మకమే, కర్త ఎవరో సందేహం లేదు. కాని ప్రశ్న అడగడానికి నిలిచిన సాక్ష్యం పోయింది. దుమ్ముగూడెంలో సాక్ష్యం ఉండి కర్త మరుగైతే, పాల్వంచలో కర్త తెలిసి సాక్ష్యం మరుగైనది.

కావున ద్రష్ట నియమానికి మరొకటి చేర్చవలసి ఉన్నది: చూసినదానికి కర్తను వెదకాలి. దొరకనప్పుడైనా ఆ స్థానం ఖాళీగా ఉన్నదని చెప్పాలి. ‘పాడుబడినది’ అన్న మాటను విడువనక్కరలేదు. దాని పక్కన ‘ఎవరు పాడుపెట్టారు?’ అన్న ప్రశ్నను నిలిపితే చాలు.