ఈస్టు ఎవరి సొత్తు?

1981లో అమెరికా అనుమతించిన తొలి హెపటైటిస్-బి టీకాను వైరస్ సోకినవారి రక్తం నుంచి తీసేవారు. 1986లో ఆ పని ఈస్టుకు దక్కింది: వైరస్ జన్యువొకటి చేర్చగా, యీ సూక్ష్మజీవి తనకు పరాయిదైన మాంసకృత్తును తయారుచేసింది.

ఇది ప్రకృతిపై దౌర్జన్యమా? కల్లు పులిసిన నాటినుంచీ ఈస్టు మనిషికి చాకిరీ చేస్తూనే వున్నది. ఆ శ్రమఫలం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

దిగుమతి టీకా పేదబిడ్డకు అందని పండు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈస్టుతోనే చవక టీకా తెచ్చింది. అంటే, అడ్డుగా నిలిచింది ప్రకృతి కాదు, ధర. ధర వెనుక యాజమాన్యం.

కాని 2009లో ఆ సంస్థే ఫ్రెంచి కంపెనీ సనోఫీ చేతికి పోయింది. చేతులు మారేది ఔదార్యమే గాని హక్కు కాదు. ప్రాణం నిలిపే విజ్ఞానం సమాజపు ఉమ్మడి సొత్తయిననాడే అది నీతి అవుతుంది.