భరన్యాసము - సారథి ధర్మము

శ్రీవైష్ణవ సంప్రదాయమున "భరన్యాసము" అను పదమునకు విశిష్టస్థానము కలదు. తన రక్షణభారమును తాను మోయజాలనని గ్రహించిన జీవుడు ఆ భారమును శ్రియఃపతి పాదములయందుంచుటయే భరన్యాసము. శ్రీమద్వేదాంతదేశికులు న్యాసదశకమున పది శ్లోకములలో ఈ అర్థమునే నిరూపించిరి. అయితే లోకవ్యవహారమున ఈ మాట వేరురూపములు దాల్చినది. "అంతయు స్వామిపై వేసితిమి, కానున్నది కాకమానదు" అని అపాయమునకు ఎదురేగువారు కొందరు. స్వామిపై వేసితిమని తలచుచు, నిజమునకు తమ భారమును పొరుగువాని ప్రాణముపై వేయువారు మరికొందరు. ఇవి భరన్యాసములగునా? హిమాలయమార్గములలో శీతకాలమున లారీలు నడపువారి వృత్తిని పరికించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

కర్నూలు, అనంతపురముల మీదుగా పోవు 44వ జాతీయ రహదారి మన పాఠకులకు పరిచితమే. దానికి దక్షిణపు కొన కన్యాకుమారి, ఉత్తరపు కొన శ్రీనగరము. జమ్మూ దాటిన పిమ్మట ఆ మార్గము రాంబన్, బనిహాల్ ప్రాంతములలో కొండల అంచులను పట్టుకొని సాగును. వానకును మంచుకును నానిన చరియలు విరిగిపడుట అచట తరచు జరుగుచుండును. 1956లో తెరచిన జవహర్ సొరంగమును, 2021లో రాకపోకలు మొదలైన ఎనిమిదిన్నర కిలోమీటర్ల క్రొత్త బనిహాల్ సొరంగమును కష్టమును తగ్గించినవి గాని తొలగింపలేదు. శ్రీనగరము దాటి లడఖ్‌నకు పోవువారికి జోజిలా కనుమ ఎదురగును. సుమారు 11,500 అడుగుల ఎత్తుననున్న ఆ కనుమ శీతకాలమున మంచుతో మూసికొనిపోవును. సరిహద్దు రహదారుల సంస్థవారు మంచును తొలగించి దానిని 2022లో 73 దినములకును, 2025లో 32 దినములకును తెరచిరి. త్రోవ మూతపడు దినములు తగ్గినకొలది, మంచునడుమ లారీలు నడచు దినములు పెరిగినవి.

ఆ త్రోవలో ఘోరమైన ప్రమాదము కంటికి కానరాదు. పగటియెండకు కరగిన మంచునీరు రాత్రిచలికి గడ్డకట్టి, తెల్లవారుసరికి తారురోడ్డుపై అద్దమువంటి పలుచని పొరయగును. చూచువానికది తడిసిన రోడ్డువలెనే తోచును. దానిపై బ్రేకు గట్టిగా నొక్కినచో చక్రములు తిరుగుట మానును గాని బండి ఆగదు. సరకు బరువే దానిని ముందుకు నెట్టును. అందుచేత అనుభవజ్ఞుడగు డ్రైవరు దిగుడులో బ్రేకును నమ్మక, తక్కువ గేరులో ఇంజను పట్టుతో మెల్లగా దిగును. చక్రములకు ఇనుపగొలుసులు చుట్టును. ముందుబండికి దూరముగా నుండును. అచటి చలికి డీజిలు సైతము పేరుకొనును. −33 డిగ్రీల చలికిని తట్టుకొను డీజిలు 2019లో లడఖ్‌నకు వచ్చినది.

"రక్షకుడు నారాయణుడే యైనప్పుడు ఈ గొలుసులేల?" అని పూర్వపక్షము. శరణాగతి అంగములలో ఆనుకూల్యసంకల్పమును ప్రాతికూల్యవర్జనమును మొదటివి. భగవంతుడు సర్వభూతాంతర్యామి గనుక, సర్వభూతములకు అనుకూలుడై యుండుటయే ఆనుకూల్యమని లక్ష్మీతంత్రము వివరించుచున్నది. అరిగిన టైర్లతో కనుమ నెక్కువాడు తన ప్రాణమునే గాక, ప్రక్కనున్న క్లీనరు కుఱ్ఱవాని ప్రాణమును, ఎదురువచ్చువారి ప్రాణమును పణమొడ్డుచున్నాడు. ఇది మహావిశ్వాసము కాదు, ప్రాతికూల్యమే. స్వామికి సమర్పించునది రక్షణభారము, ఫలము. చేతనున్న పనియందలి శ్రద్ధ కాదు. బదరికాశ్రమమున శీతకాలము రాగానే ఆలయద్వారములు మూసి, ఉద్ధవ కుబేర మూర్తులను దిగువనున్న పాండుకేశ్వరమునకు వేంచేపు చేయుదురు. దీనిని విశ్వాసలోపమని ఎవ్వరును అనరు గదా!

అయితే దోషమంతయు డ్రైవరుపై మోపుట న్యాయము కాదు. దారి మూతపడి దినముల తరబడి బండ్లు నిలిచినచో ఆపిలుపండ్లు క్రుళ్ళిపోవును. తోటవానికి ఏడాది కష్టము మట్టిపాలగును. వ్యాపారికి పెట్టుబడి పోవును. ఆ నష్టము కల్ల కాదు. కావుననే "త్వరగా రమ్ము" అను మాట పుట్టుచున్నది. కాని ఆ మాట పలుకువాడు వెచ్చని గదిలో నుండును. దానిని మోయువాడు మంచులో నుండును. ఆలస్యమైనచో కిరాయి కోసెదమన్నప్పుడు, ఇంటివద్ద బిడ్డలున్నవాడు ఎట్లు కాదనగలడు? తన నష్టభయమును ఇట్లు అన్యుని ప్రాణముపై దింపుట భరన్యాసము కాదు. బలహీనుని తలపై బరువు త్రోయుట.

ఈ సందర్భమున మహాభారత ద్రోణపర్వమును స్మరింపవలెను. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుడు ప్రతిజ్ఞచేసిన దినమది. అంతటి తొందర మరియొకనికి కలుగునా? ఆ దినమున సైంధవుడింకను దూరముననుండగానే, గుఱ్ఱములు బాణములచే నొచ్చి అలసినవని అర్జునుడు గ్రహించెను. వానిని విప్పి, బాణములు పెరికి సేద తీర్పుమని శ్రీకృష్ణుని కోరెను. స్వామియు తన అభిప్రాయమదియే యనెను. పార్థుడు నేలపై నిలిచి శత్రుసేనను ఆపి, బాణముతో భూమిని భేదించి జలాశయము కల్పించెను. జగన్నాథుడు స్వహస్తములతో బాణములు తీసి, గుఱ్ఱములను తోమి, నీరు త్రాగించి, వాని అలసట తీరిన పిమ్మటనే మరల పూన్చెను. ఇచట గమనింపదగినది ఒకటి కలదు. ఆగుమని ముందుగా కోరినవాడు రథముపై కూర్చున్నవాడే, ఆలస్యమైనచో ప్రాణము కోల్పోవలసినవాడే. స్వామియే సారథిగా నున్నను అర్జునుడు అలసటను ఉపేక్షింపలేదు.

యాత్రికులమగు మనకును ఇది వర్తించును. బండి కుదుర్చుకొని బయలుదేరినది మొదలు, "తెల్లవారుసరికి సన్నిధి చేరవలెను" అని డ్రైవరును తొందరపెట్టుట మనలో పరిపాటి. అతడు క్రిందటి రాత్రి నిదురించెనా యని అడుగువారెందరు? దర్శనము ఒక పూట ఆలస్యమైనచో స్వామి కోపింపడు. మన తొందరవలన ఒక గృహమున దీపమారినచో, ఆ దర్శనమున స్వామి ముఖమును ఎట్లు చూడగలము? ఘట్టము నెక్కుటకు ముందు డ్రైవరుకు భోజనము పెట్టించి, రెండు గంటలు నిదురింపనిచ్చి, "మెల్లగానే పోనిమ్ము నాయనా" యనుట భగవత్కైంకర్యమే. ఆ పిమ్మట భారమును పార్థసారథి పాదములపై నుంచుదము. ఆయన తప్పక వహించును.