దిగే బండి ఆగాలి



సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు వచ్చే రోడ్డు మీలో చాలామంది చూసే ఉంటారు. పులికాట్ సరస్సు మధ్యగా గట్టు మీద వేసిన దారి. స్కేలు పెట్టి గీసినట్లు సాగిపోతుంది. మెట్ట లేదు, పల్లం లేదు. చలికాలంలో రెండు వైపులా ఫ్లెమింగోలు నీళ్ళలో నిలబడి మేత మేస్తుంటాయి. ఎదురుగా వచ్చే బండి ఎంతో దూరం నుండే కనిపిస్తుంది గనుక ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్న ప్రశ్న పుట్టదు. ఇలాంటి చదును నేల మీద స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు కొండ ఎక్కితే ఏమవుతుంది? ఈ వారం మనం కలిసి ధ్యానించుకోవలసిన సంగతి ఇదే.

వేసవి సెలవులు వచ్చాయంటే రాకెట్ కేంద్రంలో పనిచేసే మన కుటుంబాలు కొండల వైపు చూస్తాయి. ఏర్కాడు, కొడైకెనాల్, ఊటీ. కొందరు అరకు. ఇదివరకు నలుగురైదుగురు కలిసి ఒక వ్యాను మాట్లాడుకునేవారు. ఈ ఏడాది ఒక కుటుంబం కొత్తరకం బండి అద్దెకు తీసుకుంటున్నామని వచ్చి చెప్పింది. మోటార్‌హోమ్ అట. సినిమా షూటింగుల దగ్గర నటులు విశ్రాంతి తీసుకునే క్యారవాన్ మీకు తెలుసు కదా, అలాంటిదే. లోపల పడకలు, పొయ్యి, గ్యాస్ సిలిండరు, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి కూడా. కేరళ ప్రభుత్వం ఇలాంటి బండ్ల కోసమే 2021లో ఒక పర్యాటక విధానం ప్రకటించింది. 2022లో వాగమన్ కొండల్లో వాటిని నిలుపుకోవడానికి ఒక పార్కు కూడా తెరుచుకుంది. ఇంత ఖర్చెందుకమ్మా అని అడిగితే ఆ ఇల్లాలు ఇలా అన్నది: "మా అత్తగారికి హోటలు తిండి పడదు ఫాదర్. లాడ్జి మెట్లు ఎక్కలేరు. అందుకని ఇల్లే తీసుకెళ్తున్నాం."

ఇల్లే తీసుకెళ్తున్నాం! ఈ మాట నన్ను చాలాసేపు వదలలేదు.

ఇల్లు కొండ ఎక్కడం చిన్న పని కాదు. మన విచారణలో ముప్ఫై ఏళ్ళు లారీ నడిపిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనను అడిగితే విడమరచి చెప్పారు. అలాంటి బండి పొడవు ఎక్కువ, ఎత్తు ఎక్కువ, బరువు పైభాగంలో ఎక్కువ. చక్రాల వెనుక చాలా భాగం బయటికి పొడుచుకొని ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపులో ముందు భాగం తిరిగిపోయినా వెనుక భాగం పిట్టగోడను గీసుకుంటుంది. లేదా ఎదుటివాడి దారిలోకి పోతుంది. నిండని ట్యాంకులో నీళ్ళు మలుపు మలుపుకూ ఒక పక్కకు ఎగదన్ని బండిని ఊపుతాయి. నామక్కల్ జిల్లాలోని కొల్లి కొండలకు వెళ్ళే దారిలో అలాంటి మలుపులు 70 ఉన్నాయి. ఇరుకు దారిలో పొడవు బండి ఇరుక్కుంటే ముందూ వెనుకా ఊరంతా ఆగిపోతుంది. ఆ బాధ పడలేకే 2024 నవంబరులో కొడైకెనాల్ ఘాట్ రోడ్ల మీద 12 మీటర్లకు మించిన వాహనాలను అధికారులు నిషేధించారు.

ఇదంతా చెప్పి, ఆ పెద్దాయన చివరికి అన్న మాట ఇది: "ఎక్కేది ఇంజను చూసుకుంటాది సామీ. దిగేటప్పుడే డ్రైవరు కావాల. ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల."

మనం మామూలుగా ఎక్కడానికి భయపడతాం, దిగడాన్ని లెక్కచేయం. కానీ దిగేటప్పుడు బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజను పట్టి ఉంచకపోతే కొండ ఎత్తులో చాలా భాగం వేడిగా మారి ఆ బ్రేకుల్లోకే పోవాలి. కాలు పెడల్ మీదే ఉంచి దిగేవాడికి కొంతసేపటికి బ్రేకులు కాలి, తొక్కినా పట్టవు. నూనె ఆదా చేద్దామని గేరు తీసి న్యూట్రల్‌లో జారేవాడి సంగతి చెప్పనవసరం లేదు. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. పట్టవలసిన దానికి మించి జనం ఎక్కి ఉన్నారు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుండి తిరుపతికి నిశ్చితార్థానికి వెళుతున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలోకి పోయింది. తాంబూలాలు పుచ్చుకోవలసిన చేతులు ఆసుపత్రి మంచాల మీద ఉన్నాయి. వారి ఆత్మలకు శాంతి కలగాలని ప్రార్థిద్దాం.

శ్రీహరికోట వారికి దిగడం ఎంత కష్టమో ప్రత్యేకంగా చెప్పాలా? 2007 జనవరి 10న ఇక్కడి నుండి పి.ఎస్.ఎల్.వి. మోసుకెళ్ళిన 550 కిలోల గుళిక కొద్ది నిముషాల్లో కక్ష్యకు చేరింది. దాన్ని క్షేమంగా తిరిగి దింపి, జనవరి 22న బంగాళాఖాతం నీళ్ళలో నుండి తీసిన రోజున గానీ ఇక్కడివారు గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు. వేడిని తట్టుకునే పలకలు, వేగాన్ని తగ్గించే పారాషూట్లు, ఆ కసరత్తంతా దిగడం కోసమే. అలాగే తిరుమల కొండ మీద వాహనాలకు పెట్టిన నియమం చూడండి. ఎక్కేవారు 28 నిముషాల కన్నా ముందు పైకి చేరకూడదు, దిగేవారు 40 నిముషాల కన్నా ముందు కిందికి చేరకూడదు. దిగే దారికే ఎక్కువ సమయం. తొందరపడి ముందే చేరితే జరిమానా. ఆలోచించి పెట్టిన నియమం అది.

తపస్సు కాలంలో రెండవ ఆదివారం ప్రతి ఏడూ మనం ప్రభువు దివ్యరూపధారణ సువార్త వింటాం. కొండ మీద వెలుగు చూసి పేతురు ఏమన్నాడు? ఇక్కడే మూడు గుడారాలు వేస్తానన్నాడు. పాపం, ఆయనకూ ఇల్లు కొండ మీదికి తెచ్చుకోవాలనే అనిపించింది! ఆయన కోరిన గుడారం ప్రభువు వేయనివ్వలేదు. వారిని వెంటబెట్టుకొని కిందికి దిగాడు. కొండ దిగువన ఒక తండ్రి, జబ్బుతో పొర్లాడుతున్న కొడుకును పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. తక్కిన శిష్యులు ఏమీ చేయలేకపోయారు. దిగి వస్తున్న ప్రభువు ఆ తండ్రి దగ్గర ఆగాడు.

ఇక రోడ్డు చట్టం దగ్గరికి వద్దాం. ఇరుకైన కొండదారిలో రెండు బండ్లు ఎదురైతే ఎవరు ఆగాలి? 1989 నాటి మన దేశపు రోడ్డు నియమాలు, వాటి స్థానంలో 2017లో వచ్చిన నియమాలు కూడా ఒకే మాట చెబుతాయి. దిగే బండి పక్కకు తీసి ఆగాలి, ఎక్కే బండిని పోనివ్వాలి. పెద్ద బండా చిన్న బండా అని లేదు. కారణం మన లారీ పెద్దాయనకు బాగా తెలుసు. దిగేవాడు ఆగితే మళ్ళీ కదలడానికి ఏ శ్రమా లేదు. బరువుతో ఎక్కేవాడు సగంలో ఆగితే క్లచ్చు కాలుతుంది, చక్రం జారుతుంది, బండి వెనక్కి వస్తుంది. ఒక్కోసారి మళ్ళీ ఎక్కలేదు.

తిరుమలకు 1944లో ఒక ఘాట్ రోడ్డు, 1974లో మరొకటి వచ్చాయి గనుక ఎక్కేవారిదీ దిగేవారిదీ దారులు వేరయ్యాయి. మన ఇళ్ళకు రెండో ఘాట్ రోడ్డు లేదండీ. ఒకే ఇరుకు దారిలో ఒకరు ఎక్కుతుంటారు, ఒకరు దిగుతుంటారు, రోజుకు పదిసార్లు ఎదురుపడతారు. భర్తకు ఉద్యోగం స్థిరపడింది, క్వార్టర్సు వచ్చింది, ఇక ఆయనకు దిగుడే. భార్య నలభయ్యో ఏట తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట ముగించి, టీచరు పరీక్షకు చదువుకుంటున్నది. ఎవరి బండి బరువుగా ఉంది? "ఈ వయసులో నీకెందుకే చదువు" అన్న ఒక్క మాటతో ఆమెను మలుపులో ఆపేయవచ్చు. ఆ మాట అన్నాయన టీవీ ముందు కూర్చుంటాడు, ఆయనకు పోయేదేమీ లేదు. వచ్చే పరీక్షకు ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది.

యెరూషలేము నుండి యెరికోకు వెళ్ళే దారిని గురించి లూకా సువార్తలో విన్నాం. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో దాదాపు 250 మీటర్ల దిగువన ఉంది. పాతిక కిలోమీటర్లకు కొంచెం పైగా దూరంలోనే దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. రాళ్ళగుట్టల మధ్య ఇరుకు దారి. దెబ్బలు తిన్నవాడు ఆ దారి పక్కన పడి ఉండగా ఒక యాజకుడు దిగుతూ వచ్చాడని సువార్త స్పష్టంగా చెబుతున్నది. ఆయనది దిగుడు ప్రయాణం, ఆగితే నష్టమేమీ లేదు, అయినా పక్కగా తప్పుకొని పోయాడు. లేవీయుడూ అంతే. సమరీయుడు ఎక్కుతున్నాడో దిగుతున్నాడో సువార్త చెప్పదు. ఆగాడని చెబుతుంది. తన వాహనం మీద ఆ గాయపడినవాడిని ఎక్కించాడు. అంటే ఆ కొండదారిలో తాను నడిచాడన్నమాట.

2007 జూన్‌లో వాటికన్ నుండి రోడ్డు ప్రయాణికుల ఆధ్యాత్మిక సేవను గురించి ఒక పత్రం వెలువడింది. అందులో డ్రైవర్లకు పది ఆజ్ఞలున్నాయని అప్పట్లో పత్రికలు సరదాగా రాశాయి. ఆ పదింటిలో ఒకటి, రోడ్డు మీద బలహీనుడిని కాపాడమనేది. ఇందులో నవ్వవలసిందేమీ నాకు కనిపించలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు వివేకాన్ని సద్గుణాల రథసారథి అంటారని విన్నాం. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఆ పేరే వాడింది. ప్లేటో ఆత్మను రెండు గుర్రాల రథంతో పోల్చాడు, ఒకటి మాట వినేది, ఒకటి విననిది. మన కఠోపనిషత్తు శరీరాన్ని రథమనీ, బుద్ధిని సారథి అనీ, మనసును పగ్గమనీ చెప్పింది. ఇందరు ఇన్ని దేశాల్లో గుర్రాన్ని గాక తోలేవాణ్ణి తలచుకోవడం గమనించండి. పునీత తోమాసు అక్వినాసు దృష్టిలో వివేకమంటే భయపడి ఇంట్లో కూర్చోవడం కాదు, చేయవలసిన పనిని సరైన విధంగా చేయడం. కాబట్టి మోటార్‌హోమ్ వద్దని ఆ కుటుంబానికి నేను చెప్పలేదు. ఘాట్ తెలిసిన డ్రైవరును పెట్టుకోమన్నాను. కొండ మొదట్లో సిలిండరు వాల్వు కట్టేయమన్నాను. చీకటి పడ్డాక దిగవద్దన్నాను. వెనుక పది కార్లు హారను కొడుతుంటే వెడల్పు చోట చూసి పక్కకు తీసి వారిని పోనివ్వండి, అది అవమానం కాదని ఆ ఇంటాయనకు విడిగా చెప్పాను. ఆయన నవ్వాడు. "రాకెట్టును లాంచ్‌ప్యాడ్ దగ్గరికి మనిషి నడకకన్నా నెమ్మదిగా తీసుకెళ్తాం ఫాదర్, నాకు అలవాటే" అన్నాడు.

వాహనాలు ఆశీర్వదించమని వచ్చేవారికి ఒక మాట. పునీత క్రిస్టోఫర్ పతకం అద్దానికి తగిలించుకోండి, తప్పకుండా ఆశీర్వదిస్తాను. అయితే ముందు మెకానిక్‌కు బ్రేకులు చూపించి రండి. పతకం చేసే పని వేరు, బ్రేకులు చేసే పని వేరు.

మరొక ఇంటి సంగతి చెప్పాలి. ఏ ఊరో చెప్పను. రాయడానికి ఆ అబ్బాయి తానే ఒప్పుకున్నాడు. తాగుడు మానేసి ఏడు వారాలయింది. సాయంత్రం ఆరు గంటలు అతనికి కొండే. రోజూ ఆ వేళకు చర్చి మెట్ల మీదికి వచ్చి కూర్చుంటాడు. ఒక్కోరోజు జపమాల చెబుతాడు, ఒక్కోరోజు ఊరికే కూర్చుంటాడు. చేతులు వణుకుతాయి. చీకటి పడ్డాక ఇంటికి పోతాడు. అతని స్నేహితులు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు ఒక్క గ్లాసుతో ఆపగలరు, దిగుడులో ఉన్నవాళ్ళు. "ఒక్కటేరా, ఏమవుతుంది" అంటారు. వాళ్ళకు ఏమీ కాదు, నిజమే. ఇతను ఆ ఒక్కదాని దగ్గర ఆగితే మళ్ళీ కదలగలడో లేదో అతనికే తెలియదు, నాతో ఆ మాటే అన్నాడు.

వచ్చే నెల ఆ ఇంట్లో అతని తమ్ముడి పెళ్ళి. మొన్న ఆదివారం పూజలో పెళ్ళి ప్రకటన మొదటిసారి చదివాను. విందులో మందు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పెట్టకపోతే బంధువులు ఏమనుకుంటారోనని మేనమామలు అంటున్నారు. తల్లి ఏమీ మాట్లాడడం లేదు. ఆ ఇంటి పెద్దలు ఈ పత్రిక చదువుతారు. ఈ ఆదివారం రెండవ పూజ తర్వాత వచ్చి నాతో మాట్లాడతామన్నారు. నేను గుడి దగ్గరే ఉంటాను.