గుంత అంచున సంతకం

అనంతపురం పీఠభూమిలో నేల తవ్వడమంటే చాలావరకు నీటికోసమే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడేచోట బావి తవ్వాలి, బోరు దించాలి, వూళ్లకు గొట్టాలు వేయాలి. గొట్టం పడాలంటే గుంత తీయాలి. ఆ గుంతలో దిగేది తరచుగా పంట పోగొట్టుకున్న రైతే. పైకి ఎర్రనేల గట్టిగానే కనబడుతుంది. పక్కనే యెప్పుడో తవ్వి పూడ్చిన వదులుమన్ను వుంటుంది. ఘనమీటరు మట్టి బరువు టన్నున్నర పైమాటే. రొమ్ముదాకా కప్పితే చాలు, ముఖం బయట వున్నా వూపిరాడదు.

ప్రమాదం యెంత లోతునుంచో రహస్యమేమీ కాదు. మీటరున్నర దాటిన గుంత పక్కలకు పలకలూ దూలాలూ కట్టాలని భారత ప్రమాణాల కోడు 3764 చెబుతున్నది. పలకలు కట్టకపోతే మిగిలే డబ్బు కంట్రాక్టరుది, పోయే ప్రాణం కూలివానిది. యిందులో వింత లేదు. లాభం తన స్వభావాన్ని యెన్నడూ దాచుకోలేదు. నన్ను కలతపెట్టేది మూడోమనిషి: అంచుదాకా వచ్చి, సంతకం పెట్టి పోయే మునిసిపల్ ఉద్యోగి. బిల్లుకోసం గుంత లోతును కొలతల పుస్తకంలో యెక్కించినవాడు, మనిషి చనిపోయాక ఆ లోతు తనకు తెలియదని యెలా అంటాడు?

న్యాయస్థానాలు యీ దారిలో తిన్నగా నడవలేదు. పునాదుల తనిఖీలో నిర్లక్ష్యం చూపిన కౌన్సిలు నష్టపరిహారం యివ్వవలసి రావచ్చునని ఇంగ్లండు ప్రభువుల సభ 1977లో ఆన్స్ కేసులో చెప్పింది. 1990లో మర్ఫీ కేసులో తానే దాన్ని కొట్టివేసింది. అయితే అక్కడ కాదన్నది ఇంటికి కలిగిన డబ్బు నష్టాన్ని. ప్రాణహాని సంగతి తేల్చకుండా వదిలేశారు. మన సుప్రీంకోర్టు 1980లో రత్లాం కేసులో, డబ్బు లేదని మునిసిపాలిటీ విధి తప్పించుకోరాదన్నది. 1997లో రాజకోట కేసులో, చెట్టు కూలి మనిషి చనిపోయినా నగరపాలక సంస్థ పరిహారం యివ్వనక్కర లేదన్నది.

కార్మికుల భద్రత కార్మికశాఖ పని గదా అని మునిసిపాలిటీ తప్పుకుంటుంది. ఆ శాఖ ఇన్‌స్పెక్టరుకు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడు, సహాయకుడనే బిరుదు కూడా తగిలించింది. (సహాయం యెవరికో అనుభవం చెప్పాలి.)

అతడూ జీతగాడే గదా, చిన్న ఉద్యోగిని బలిపెడితే పెద్దలు తప్పుకోరా అని మిత్రులు అడుగుతారు. నిజమే. నేరవిచారణకు ముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న కవచం, ప్రభుత్వమే తొలగించగల పై ఉద్యోగులకే వున్నది, కిందివానికి లేదు. అయినా అతని చేతిలో ఒక కలం వున్నది. అదే కలంతో లోతు రాశాడు. పని ఆపమని కూడా రాశాడా? రాసివుంటే ఆ కాగితం యెవరి బల్లమీద ఆగిందో, అక్కడినుంచి బాధ్యత వానిది. రాయకపోతే జీతం చిన్నదన్నది శిక్షను తగ్గించవచ్చు, నేరాన్ని కాదు. రాసిన పాపానికి అతణ్ణి బదిలీ చేసివుంటే, ఆ ఉత్తర్వు మీద సంతకం చేసినవాణ్ణి కూడా కంట్రాక్టరు పక్కనే ముద్దాయిగా నిలబెట్టాలి.